ఈ చలిలో వికారాబాద్ దగ్గర టెంటులో రాత్రి బస: అమ్మనూ పాపనూ తీసుకువెళ్లవచ్చా?

మియాపూర్ వాసి

అందరికీ నమస్కారం. డిసెంబరు చివరి శనివారం రాత్రికి వికారాబాద్ దగ్గర, అనంతగిరి గుట్టలకు కొంచెం ఇవతల ఉన్న ఒక ప్రైవేటు తోటలో రెండు టెంట్లు నెల రోజుల క్రితమే బుక్ చేసుకున్నాను. వెళ్లేవాళ్లం నలుగురం: నేను, నా భార్య, ఎనిమిదేళ్ల మా పాప, 66 ఏళ్ల మా అమ్మ. బుక్ చేసిన రోజుల్లో రాత్రిపూట ఒక పల్చని దుప్పటి కప్పుకుంటే సరిపోయేది. నాలుగు రోజులుగా పరిస్థితి పూర్తిగా మారిపోయింది. మా ఐదో అంతస్తు బాల్కనీలో వేలాడదీసిన థర్మామీటరు నిన్న తెల్లవారుజామున 12 డిగ్రీలు చూపింది. నగరంలోనే ఇలా ఉంటే తోటలో ఎలా ఉంటుందో నాకు అంతుపట్టడం లేదు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాణ్ణే అయినా, ఇటువంటి చలిలో ఇంటి బయట పడుకున్న అనుభవం నాకు ఒక్కసారి కూడా లేదు.

మా దగ్గర ఒక స్లీపింగ్ బ్యాగు, రెండు రగ్గులు, ఒక జంపఖానా ఉన్నాయి. అమ్మకు ఆస్తమా ఉంది. మందులతో అదుపులోనే ఉంది, ఇన్‌హేలర్ ఎప్పుడూ వెంట ఉంటుంది. తోట నిర్వాహకుడికి ఫోన్ చేస్తే, రాత్రికి టెంటులో బొగ్గుల కుంపటి పెట్టిస్తామని, చలి తెలియనే తెలియదని చెప్పారు. ఆ మాటతో నాకు ధైర్యం రావలసింది పోయి ఎందుకో అనుమానం పెరిగింది. కట్టిన డబ్బు పోయినా పరవాలేదు కానీ, పాప నెల రోజులుగా క్యాలెండరులో రోజులు కొట్టివేస్తోంది. ప్రయాణం మానుకోవడం మంచిదా, లేక తగిన సామాను సమకూర్చుకొని వెళ్లవచ్చా, లేదా పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేలా మార్చుకోవాలా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

గుట్టలబాట, సైనిక్‌పురి

మానుకోనవసరం లేదు, కానీ ఇప్పుడు మీ దగ్గర ఉన్న సామానుతో మాత్రం వెళ్లకండి. కారణాలు కొంత వివరంగానే రాస్తాను. మన ప్రాంతంలో చలి ఎలా దిగుతుందో ఒకసారి అర్థమైతే, ఏం సర్దుకోవాలో మీకే తెలిసిపోతుంది.

ముందు పత్రికల్లో వచ్చే అంకె సంగతి చెబుతాను. వాతావరణ శాఖ కనిష్ఠ ఉష్ణోగ్రతను గాలి ఆడే చెక్కపలకల తెల్లని పెట్టెలో, సుమారు మనిషి ఛాతీ ఎత్తున కొలుస్తుంది. మబ్బు లేని, గాలి ఆడని రాత్రుల్లో గడ్డి మీద పెట్టిన థర్మామీటరు దానికంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ చూపడం మామూలే. మీరు పడుకునేది నేల మీద కాబట్టి, వికారాబాదులో 10 అని చదివితే మీ టెంటు చుట్టూ ఉన్న గడ్డి దగ్గర 6 లేదా 7 ఉంటుందని లెక్క వేసుకోండి. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలకు లేదా అంతకంటే కిందికి దిగి, అది ఆ రోజుల సాధారణం కంటే 4.5 డిగ్రీలో అంతకు మించో తక్కువైతే శీతల గాలులు అంటారు, తగ్గుదల 6.5 డిగ్రీలకు చేరితే తీవ్ర శీతల గాలులు అంటారు. ఇందులో ‘సాధారణం కంటే’ అన్న మాట మనకు చాలా ముఖ్యం. ఢిల్లీలో 9 డిగ్రీలంటే ప్రతి ఇంట్లోనూ రజాయిలు సిద్ధంగా ఉంటాయి. మన ఇళ్లలో డిసెంబరులో కూడా ఫ్యాను ఒకటో నంబరు మీద తిరుగుతూనే ఉంటుంది. అయినా మన ఊరికి ఇంత చలి బొత్తిగా తెలియనిదేమీ కాదు, 1946 జనవరి 8న హైదరాబాదులో 6.1 డిగ్రీలు నమోదైంది.

ఇక ఈ చలి ఎక్కడినుంచి వస్తుందన్నది. ఉత్తరం నుంచో ఈశాన్యం నుంచో పొడి గాలి వచ్చినప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలిలో తేమ ఉండదు. మబ్బూ తేమా ఉంటే నేలనుంచి పైకి పోయే వేడిని కొంతైనా ఆపి వెనక్కి పంపుతాయి. అవి లేనప్పుడు పగలంతా నేల పట్టుకున్న వేడి పొద్దు గూకిన గంటనుంచే ఆకాశంలోకి పోవడం మొదలవుతుంది, రాత్రంతా పోతూనే ఉంటుంది. బంగాళాఖాతం వైపునుంచి తూర్పు గాలి తిరిగి మబ్బు పట్టిందంటే ఒకటి రెండు రోజుల్లోనే రాత్రి చలి విరిగిపోతుంది. కాబట్టి బయలుదేరే ముందు రోజు ఉష్ణోగ్రత ఒక్కటే కాకుండా గాలి దిక్కు, మబ్బు సంగతి కూడా చూడండి.

దక్షిణాదిలో చలికి ఒక ప్రత్యేకత ఉంది, మోసమంతా అందులోనే ఉంది. మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండ కాస్తుంది. పిల్లలు నూలు చొక్కాలు చెమటతో తడిసేలా ఆడతారు, పెద్దలు స్వెటర్లు కారులోనే వదిలేస్తారు. రాత్రి తొమ్మిదింటికి కూడా మంట చుట్టూ కూర్చుంటే హాయిగానే అనిపిస్తుంది. అసలు చలి మూడు గంటల తర్వాత మొదలై, సూర్యుడు వచ్చిన తర్వాత కూడా మరో పావుగంట, అరగంట వరకూ తగ్గదు. డిసెంబరు చివర మనకు సూర్యోదయం దాదాపు 6:40కి అవుతుంది. అంటే మీరు సిద్ధపడవలసింది ఆ నాలుగు గంటలకే. నిద్రలో ఉన్న మనిషి అంతవరకూ కదలడు, ఆ వేళకు తిన్నది అరిగిపోయి ఉంటుంది, మంట ఆరిపోయి ఉంటుంది.

నేను ఇది నేర్చుకున్న రాత్రి బాగా గుర్తుంది. కొన్నేళ్ల క్రితం జనవరిలో నగరానికి గంటన్నర దూరంలో ఒక చెరువు పక్కన, కట్ట దిగువన ఉన్న పచ్చిక మీద నిర్వాహకులు మా టెంట్లు వేశారు. పైన కప్పుకోవడానికి రెండు మందపాటి రగ్గులు తెచ్చుకున్నాను, కింద మాత్రం దుప్పటి ఒక్కటే పరిచాను. మూడు గంటలకు మెలకువ వచ్చేసరికి ఛాతీ వెచ్చగానే ఉంది, వీపు మాత్రం సిమెంటు గచ్చుకు ఆనించినట్టు చల్లబడిపోయింది. చెయ్యి పెట్టి చూస్తే దుప్పటి చెమ్మగా తగిలింది. టార్చి వెలిగిస్తే టెంటు లోపలి గుడ్డ నిండా నీటి చుక్కలు బారులు తీరి ఉన్నాయి. కదిలితే చాలు ముఖం మీద రాలుతున్నాయి. చలి పుట్టకూడదని జిప్పులన్నీ బిగించి పడుకున్నందువల్ల మా ముగ్గురి ఊపిరిలోని తేమ బయటికి పోయే దారి లేక ఆ గుడ్డకే పట్టింది. తెల్లవార్లూ కారులో కూర్చున్నాం.

అందుచేత నా మొదటి మాట, పైన కప్పుకునేదానికంటే కింద పరిచేదాని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఒంటి బరువుకు స్లీపింగ్ బ్యాగులోని దూది అణిగిపోతుంది, అణిగిన దూది వేడిని ఆపలేదు. మనిషికి ఒకటి చొప్పున మందపాటి ఫోమ్ మ్యాట్ కొనండి, దాని మీద మీ జంపఖానా, ఆ పైన రగ్గు వేయండి. గాలి నింపే మామూలు పరుపులు మెత్తగా ఉంటాయి కానీ, లోపలి గాలి చల్లబడి వీపు కింద తిరుగుతూ ఉంటుంది కాబట్టి అవి ఈ పనికి చాలవు. రెండో మాట, టెంటు పైభాగంలో ఉండే గాలి కిటికీని కొంచెం తెరిచే ఉంచండి. మూడో మాట, పొద్దు గూకక ముందే పాప ఒంటి మీది బట్టలు లోపలి బనీనుతో సహా మార్చి పొడివి వేయండి. పగటి చెమట పట్టిన నూలు బట్ట రాత్రికి ఒంటికి శత్రువు. పడుకునే ముందు స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, మేజోడులో దూర్చి పాప కాళ్ల దగ్గర పెడితే తెల్లవారుజాము వరకూ కొంత వెచ్చదనం ఉంటుంది.

స్లీపింగ్ బ్యాగు లేబులు మీద రెండు అంకెలు ఉంటే, వాటిలో ‘కంఫర్ట్’ అని రాసినదాన్నే నమ్మండి. ‘లిమిట్’ అన్నది ముడుచుకొని పడుకుంటే ఎలాగో రాత్రి గట్టెక్కే ఉష్ణోగ్రత మాత్రమే. చలికాలంలో నగరంలో టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణాల్లో పాపకు ఉన్ని టోపీ, మేజోళ్లు దొరుకుతాయి. వీటికోసం పెద్ద ఖర్చు అక్కర్లేదు.

నల్లకుంట వైద్యురాలు

పై వివరణ బాగుంది. నేను రెండు విషయాలకే పరిమితమవుతాను.

మొదటిది కుంపటి. దయచేసి ఏ పరిస్థితిలోనూ టెంటులోకి కుంపటిని రానివ్వకండి. మూసి ఉన్న చోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది. ముందు తలనొప్పి, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఆ తలనొప్పి కూడా తెలియదు. బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి, పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదని చాలామంది అనుకుంటారు, కానీ పొగ లేకపోయినా ఆ వాయువు వస్తూనే ఉంటుంది. గాలి కిటికీ తెరిచి ఉంచాం కదా అన్న ధీమా కూడా వద్దు. నిర్వాహకుడు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండవచ్చు. మీరు మాత్రం వద్దని స్పష్టంగా చెప్పండి, పక్క టెంట్లలో ఉన్నవారికి కూడా చెప్పండి.

రెండవది మీ అమ్మగారి విషయం. ఆమెను టెంటులో పడుకోబెట్టవద్దనే నా సలహా. చల్లని పొడి గాలి తగిలితే ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. చలిమంట పొగ దీనికి తోడవుతుంది. గాలి ఆడని చలి రాత్రుల్లో పొగ పైకి పోకుండా మనిషి ఎత్తులోనే పరుచుకుంటుందని మీరు గమనించే ఉంటారు. పైగా చలికి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది, ఈ వయసులో అదీ మంచిది కాదు. ఆమె పగటిపూట రావాలనుకుంటే నిరభ్యంతరంగా రావచ్చు. ఎండ పడ్డాక, ముక్కూ నోరూ కప్పేలా శాలువా చుట్టుకొని రమ్మనండి. ఇన్‌హేలర్‌ను చేతిసంచిలో కాకుండా ఒంటికి ఆనే జేబులో ఉంచుకోవాలి. డబ్బా బాగా చల్లబడితే మందు సరిగా వెలువడదు. బయలుదేరే ముందు ఆమెను చూసే డాక్టరుగారిని ఒక్కసారి అడగండి.

పాప గురించి ఒక్క మాట. పిల్లల శరీరం వాళ్ల బరువుతో పోలిస్తే ఎక్కువ చర్మంతో గాలికి ఎదురవుతుంది కాబట్టి, పెద్దలకంటే తొందరగా వేడి కోల్పోతుంది. వణుకుతున్న బిడ్డ వెచ్చబడకుండానే వణకడం మానేసి మాట ముద్దగా వస్తుంటే, నిద్రమత్తు అనుకొని వదిలేయకండి. వెంటనే తడి బట్టలు మార్చి, ఒంటికి హత్తుకొని, రగ్గు చుట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చలికి మందు తాగితే వేడి పుడుతుందని పెద్దలు ఎవరైనా అంటే అది కూడా నిజం కాదు. చర్మానికి రక్తం చేరి వెచ్చగా అనిపిస్తుంది కానీ, లోపలి వేడి బయటికి పోతుంది.

కోహీర్ బిడ్డ, లింగంపల్లి

మాది జహీరాబాద్ దగ్గరి కోహీర్. చలికాలం వచ్చిందంటే రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోట్లలో, ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్‌తో పాటు మా ఊరి పేరు కూడా తరచుగా వినిపిస్తుంది. అందుచేత ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పే హక్కు నాకు ఉందనుకుంటాను.

గుట్ట మీద చలి ఎక్కువ, కింద తక్కువ అని నగరంలో అందరూ అనుకుంటారు. మన ప్రాంతంలో గాలి ఆడని రాత్రి అందుకు భిన్నంగా జరుగుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లలాగే వాలు పట్టుకొని జారి పల్లంలో నిలుస్తుంది. మా పొలాల్లో ఒర్రె పక్కన ఉన్న మడికీ, పైన మెరక మీది చేనుకూ మధ్య నడిచి వస్తుంటే మోకాళ్లకు చలి తగిలే తీరు మారడం తెలుస్తుంది. వానలు పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అక్కడే చలి కూడా నిలుస్తుందని మా నాయన చెప్పేవాడు. గుట్టలబాట గారు చెరువు కట్ట దిగువన పడుకొని పడిన కష్టానికి సగం కారణం ఆ పల్లమే. చెరువు నీరు నిజానికి రాత్రంతా గాలికంటే వెచ్చగానే ఉంటుంది, కానీ దాని తేమ వల్ల తెల్లవారేసరికి పొగమంచు కమ్ముకొని టెంటు తడిసిపోతుంది. పూర్తిగా గుట్ట కొనన వేసుకుంటే గాలి కొడుతుంది. నడి వాలులో, తూర్పు వైపు తెరిపిగా ఉండి పొద్దున్నే మొదటి ఎండ పడే చోట, చెట్టు కొమ్మల కింద వేసుకోవడం మంచిది. ఆకాశానికి పోయే వేడిని కొమ్మలు కొంతైనా ఆపుతాయి. చెట్టు కింద ఎండిన కొమ్మలు వేలాడుతున్నాయేమో మాత్రం చూసుకోవాలి.

ఫోమ్ మ్యాటు మంచిదే, కాదనను. అయితే ఇప్పుడు వరికోతలు అయిపోయాయి, ఎక్కడ చూసినా గడ్డివాములే ఉన్నాయి. టెంటు వేయబోయే చోట ఎండిన వరిగడ్డి జానెడు మందాన పరిచి, దాని మీద తాడిపత్రి వేసి, ఆ పైన టెంటు వేసుకుంటే నేల చలి పైకి రాదు. గడ్డిని పరిచే ముందు బాగా దులపాలి, పురుగూ పుట్రా ఉంటాయి. గడ్డి పరిచిన టెంటుకు దగ్గరలో మంట వేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

కప్పుకోవడానికి ఒక్క గొంగడి సంపాదించండి. కురుమలు దక్కను నల్ల గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టి బిగువు తెచ్చే అసలైన గొంగడి గురించి చెబుతున్నాను, దుకాణాల్లో దొరికే నున్నటి రగ్గు గురించి కాదు. అది ముతకగా ఉంటుంది, ఒంటికి గుచ్చుకుంటుంది, బరువుగా ఉంటుంది, గొర్రె వాసన కూడా వస్తుంది. కానీ మంచు కురిస్తే చుక్కలు పైపైనే నిలిచి దులిపితే రాలిపోతాయి, చెమ్మ పట్టినా వెచ్చదనం పోదు. మా తాత గొంగడి ఒక మూల మడిచి నెత్తి మీదుగా టోపీలా వేసుకొని, మిగతాది భుజాల మీదుగా మడమల దాకా దించి, రాత్రంతా చేను కాపలా కాసేవాడు. మొదట రగ్గు కప్పి, పైన గొంగడి వేస్తే పాపకు గుచ్చుకోదు.

అన్నట్టు, ఇది పచ్చి కందికాయల కాలం. తాండూరు వైపు కందికి పేరున్న సంగతి మీకు తెలిసిందే. దారిలో గంపల్లో పెట్టి అమ్ముతుంటే రెండు కిలోలు కొని, ఉప్పు వేసి ఉడకబెట్టి, మంట పక్కన కూర్చొని ఒలుచుకు తినండి. వేడి జొన్నరొట్టె తిని పడుకున్న ఒంటికి తెల్లవారుజాము చలి అంత తొందరగా సోకదు. బిస్కట్లతో కడుపు నింపి పిల్లలను పడుకోబెట్టకండి.

మియాపూర్ వాసి

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ మనసారా కృతజ్ఞతలు. డాక్టరుగారి మాట తర్వాత అమ్మ విషయంలో ఇక ఆలోచన లేదు. ఆమె రాత్రికి తమ్ముడి ఇంట్లో ఉండి, ఆదివారం పొద్దున వాళ్లతో కలిసి వస్తుంది. కుంపటి వద్దని నిర్వాహకుడికి చెప్పాను. టెంట్లు ఎక్కడ వేస్తారని అడిగితే, ఫోటోలు బాగా వస్తాయని కుంట పక్కన పచ్చికలో వేస్తామన్నారు! వాలు మీద, చెట్ల దగ్గర వేయమని అడిగాను, చూద్దామన్నారు. అమ్మకు ఆదివారం ఎండ పూట చూపించదగిన చోటు ఏదైనా ఉందా? పొద్దున్నే పొగమంచులో తమ్ముడు కారు నడపవలసి రావడం కూడా నాకు కొంత ఆందోళనగా ఉంది.

మంజీర తీరం, పటాన్‌చెరు

పొగమంచు గురించి ముందు చెబుతాను. మీ తమ్ముడిని పొద్దున ఎనిమిది దాటాక బయలుదేరమనండి, అంతే. ఔటర్ రింగ్ రోడ్డు మీద పల్లపు చోట్ల ఆరు ఏడు గంటల మధ్య మంచు గోడలా నిలబడుతుంది; అరకిలోమీటరు దూరం బాగా కనిపించి, ఉన్నట్టుండి ముందున్న లారీ మాయమవుతుంది. పెద్ద లైట్లు వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోకే వస్తుంది కాబట్టి, లైట్లను కిందికే ఉంచి నెమ్మదిగా నడపాలి. ఏమీ కనిపించనప్పుడు రోడ్డు పక్కన బండి ఆపడం నడపడం కంటే ప్రమాదం. టోల్ ప్లాజా దగ్గరో, పెట్రోలు బంకులోనో మాత్రమే ఆపాలి. ఎండ పడితే తొమ్మిదింటికల్లా అంతా విడిపోతుంది.

ఎండ పూట చూడడానికి అనంతగిరిలో పద్మనాభస్వామి గుడి మీకు దగ్గరే, మూసీ పుట్టిన గుట్టలు కూడా అవే. అమ్మగారు ఎక్కువ నడవనవసరం లేని చోటు కావాలంటే మాత్రం, ఆ రోజు కాకపోయినా వచ్చే ఆదివారానికైనా, సంగారెడ్డి దగ్గరి మంజీర అభయారణ్యానికి తీసుకువెళ్లండి. చలి ముదిరిన రోజుల్లోనే అక్కడికి వెళ్లాలని నేను అందరికీ చెబుతుంటాను. మొసళ్లకు సొంతంగా ఒంట్లో వేడి పుట్టదు. రాత్రంతా చల్లబడిన ఒళ్లును వేడెక్కించుకోవడానికి పది పదకొండు గంటల వేళ గట్టుకు చేరి ఎండలో పడుకుంటాయి. మొన్న వారం దుర్భిణిలో ఒకదాన్ని అరగంట సేపు చూశాను. దుంగలా పడి ఉంది, నోరు జానెడు తెరిచి పెట్టింది, వీపు మీది బురద ఎండి పెచ్చులు పెచ్చులుగా బీటలు వారింది. ఒక కొంగ దాని తోక పక్క నుంచే నడిచి వెళ్లింది, అది కన్ను కూడా కదపలేదు. ఎండాకాలంలో వెళితే ఇలా కనిపించవు. తల మీద రెండు నల్లని పట్టీలున్న బాతులు హిమాలయాలు దాటి మన చెరువులకు వచ్చేది కూడా ఈ రోజుల్లోనే. మీ మియాపూర్‌కు దగ్గరలోనే ఉన్న అమీన్‌పూర్ చెరువులో కూడా కొన్ని చలికాలాల్లో రాజహంసలు దిగుతాయి, పాపను ఒక పొద్దుటి పూట తీసుకువెళ్లండి.

ఇది చదివే మిగతావారికి ఒక మనవి. చలి బాగుంది కదా అని నల్లమలలో ఎక్కడ పడితే అక్కడ టెంటు వేసుకోవాలని చాలామంది అడుగుతున్నారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం, అక్కడ మంట వేయడం ఇంకా పెద్ద తప్పు. ఆకు రాలే అడవిలో ఇప్పటికే నేలంతా ఎండుటాకు పరుచుకొని ఉంటుంది. శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిదినుంచి ఉదయం ఆరు వరకు అడవి గుండా వాహనాలను అనుమతించరు కాబట్టి, తెల్లవారుజామునే ఫరహాబాద్ వ్యూ పాయింటుకు చేరాలన్న ఆలోచన కూడా పెట్టుకోకండి. మన్ననూరులో అటవీ శాఖ వారి వసతి ఉంది, ముందుగా బుక్ చేసుకొని వెళ్లండి.

మియాపూర్ వాసి

నిన్న సాయంత్రం తిరిగి వచ్చాం, అందరం క్షేమం. ఏం జరిగిందో రాయడం నా బాధ్యత.

మేము చేరేసరికి టెంట్లు కుంట పక్కనే వేసి ఉన్నాయి. అడిగితే మొదట ఒప్పుకోలేదు; ఇక్కడ మీరు చెప్పిన సంగతులన్నీ వివరించిన తర్వాత ఇద్దరు పనివాళ్లను పంపి, మామిడి చెట్ల కిందికి, కుంటకంటే రెండు నిలువుల ఎత్తున్న వాలు మీదికి మార్పించారు. మమ్మల్ని చూసి బోరబండ నుంచి వచ్చిన ఇంకొక కుటుంబం కూడా తమ టెంటు మార్పించుకుంది. వరిగడ్డి అడిగితే తోట కాపలాదారు ఆనందంగా రెండు మోపులు తెచ్చి తనే పరిచాడు. గొంగడి మాత్రం మియాపూర్ చుట్టుపక్కల దొరకలేదు. నా సహోద్యోగి వాళ్ల ఊరు సిద్దిపేట వైపు, వాళ్ల నాన్నగారిది అరువు తెచ్చి ఇచ్చాడు.

బాల్కనీలో ఉండే థర్మామీటరును వెంట తీసుకువెళ్లాను. మెలకువ వచ్చినప్పుడు, అప్పటికి ఐదున్నర అయింది, దాన్ని ఛాతీ ఎత్తున చెట్టు కొమ్మకు పావుగంట సేపు వేలాడదీశాను, 11 చూపింది. తర్వాత టార్చి వేసుకొని కుంట దగ్గరికి దిగి, మొదట టెంట్లు ఉన్న పచ్చిక మీద పెట్టి మళ్లీ పావుగంట ఆగాను. అక్కడ 7 చూపింది. కోహీర్ నుంచి రాసినవారు చెప్పినట్టే దిగుతున్నప్పుడు ముందు మోకాళ్లకు, ఆ తర్వాత నడుముకు చలి తగిలింది. వెనక్కి వచ్చి టెంటులో పాప వీపు కింద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా వెచ్చగా ఉంది. గొంగడి మీద మాత్రం మంచు చుక్కలు ఉన్నాయి, ఎందుకంటే పాప అర్ధరాత్రి దాకా బయటే కూర్చొని కృత్తికలు లెక్కపెడతానని పట్టుబట్టింది. ఆరు లెక్కపెట్టింది, ఏడోది కనిపించలేదు.

మేము చేసిన పొరపాటు ఒకటి ఉంది. గాలి కిటికీ తెరిచే ఉంచాం కానీ, తడిసిన టవళ్లు లోపలే ఆరవేశాం. తెల్లవారేసరికి నా భార్య తలవైపు గుడ్డంతా చెమ్మపట్టి ఉంది. తడి బట్టలు కారులో పెట్టి ఉండవలసింది. కందికాయలు మూడు కిలోలు కొన్నాం, చాలలేదు.

అమ్మ, తమ్ముడు వాళ్లు పదింటికి వచ్చారు. అప్పటికి ఎండ బాగా వచ్చింది. గుడి దగ్గర కాసేపు కూర్చొని, శాలువా తీసి ఒళ్లో పెట్టుకొని, రాత్రి చలి ఎలా ఉందో పాపను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంది. ఇన్‌హేలర్ అవసరం రాలేదు. వచ్చే ఆదివారం మంజీరకు వెళుతున్నాం. పది గంటలకు అక్కడ ఉండాలంటే మియాపూర్‌లో ఎన్నింటికి బయలుదేరితే సరిపోతుందో పటాన్‌చెరు వారు చెప్పగలరా?

మంజీర తీరం, పటాన్‌చెరు

ఎనిమిదిన్నరకు బయలుదేరండి. పాపకు దుర్భిణి లేకపోతే నాది ఉంది, గేటు దగ్గర ఇస్తాను.